కిరాయి కాగితంలో రాయని షరతు

మూడు రోజులుగా నోటిదాకా వచ్చిన మాటను మింగుకుంటూ తిరిగిన ఇంటి యజమానురాలు, ఆ పొద్దున ఇక ఆగలేక కిరాయిదారు గడప ముందు నిలబడింది. కల్వకుర్తిలో ఆమెకు కిరాయి తెచ్చేది ఆ రెండు గదుల ఇల్లొక్కటే.

"మీ అత్తమ్మకు ఎట్లున్నది చెల్లె?"

"ఇయ్యాల్నో రేపో అన్నరక్కా. దవాఖాన నుంచి ఇంటికి తీసుకపొమ్మంటే తెచ్చినం."

"గదే... జర మీ ఊరికి తీసుకపోరాదు? పానం పోయిన నచ్చత్రం మంచిది గాకుంటే ఇల్లు ఆర్నెల్లు తాళమేసి పెట్టాలంటరు."

"ఊర్ల మాకు ఇల్లేడున్నదక్కా? కిరాయి కాగితంల గోడకు మొలలు కొట్టొద్దని రాసిండ్రు, మేకలు కట్టొద్దని రాసిండ్రు. సచ్చిపోవద్దని రాయలేదు గద."

యజమానురాలు తల దించుకుంది. ఆ కాగితం రాయించింది తనే.

"నేనొక్కదాన్నే అంటలేను చెల్లె, అందరు గట్లనే..."

"మెల్లగక్కా. అత్తమ్మకు ఇనవడుతది. నిన్న నువ్వు వాకిట్ల నిలవడి ఎవలతోనో ఫోన్ల అన్నది గూడ ఇన్నది. అప్పటిసంది మంచం బయటెయ్యుమని ఒక్కతీరుగ మొత్తుకుంటాంది."

యజమానురాలికి మొహం చెల్లలేదు.

"వద్దు చెల్లె. లోపలనే ఉండనియ్యి."

"నా మాట ఇంటలేదు. ఇల్లు నీది. నువ్వే లోపటికొచ్చి చెప్పక్కా, ఈడ సావొచ్చని."