పన్నెండు రోజుల బుద్ధిమంతురాలు

అమ్మ రెండో షిఫ్టుకి బయల్దేరడానికి ఇంకా అరగంట ఉంది. వంటింట్లో బల్లకి అటు అమ్మ, ఇటు తొమ్మిదేళ్ళ కూతురు.

“గ్లాసు ఎవరు కడిగారని అడిగాను.”

“నేనేనండీ. పాలు తాగేసి కడిగాను.”

“నన్ను అండీ అంటావేంటే? వసపిట్టా, ఆటలాపు. నాకు టైమవుతోంది.”

“నేను వసపిట్టని కాదండీ. తను లోపలుంది. నేను వేరే చోటి నుంచి వచ్చాను. చాలా దూరం. మీ ఆకాశంలో కనిపించదు.”

“ఒక్కటిచ్చానంటే... ఏదీ, ఇటు చూడు. కళ్ళలోకి చూడు.”

“చూస్తున్నానండీ.”

“అయ్యో. ఇవి నా పిల్ల చూపులు కావు. అయ్యో, నా తల్లీ. ఎన్నాళ్ళ నుంచి?”

“పన్నెండు రోజులు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“మీరు అడగలేదు.”

“నేను... పిల్లకి బుద్ధొచ్చిందనుకున్నా. నేను డ్యూటీకెళ్తుంటే కొంగు పట్టుకోవట్లేదు, ప్రశ్నలతో ప్రాణం తియ్యట్లేదు. ప్యాకింగ్ లైన్ దగ్గర అందరికీ చెప్పి మురిసిపోయాను.”

“నాకు ముద్దు కూడా పెట్టారు. రెండుసార్లు.”

“అది... నా పిల్ల చూసిందా?”

“అన్నీ చూస్తుంది.”

“అసలు ఎలా దూరావు? తలుపేసుకునే కదా ఉంటుంది!”

“తను ఒక్కతే గోడతో మాట్లాడుతుంటే విన్నాను. బదులు చెప్పాను. వస్తావా అంది, వచ్చాను.”

“పసిపిల్ల పిలిస్తే మాత్రం వచ్చేస్తావా? వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఇవి తన కాళ్ళేనండీ.”

“డాక్టరు దగ్గరికి పద. లే!”

“మొన్న జలుబుకి తీసుకెళ్ళారుగా. ఇంత బుద్ధిమంతురాలిని చూడలేదన్నాడు.”

“మరి ఎవరికి చెప్పుకోను? ఏం చెప్పుకోను? పోనీ, నా ఒంట్లోకి రా. నాలో ఉండు. దాన్ని వదిలెయ్.”

“అలా కుదరదండీ.”

“ఇవాళ డ్యూటీ మానేస్తా. ఇదిగో, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తున్నా. ఇక్కడే కూర్చుంటా. ఎన్ని ప్రశ్నలడిగినా విసుక్కోను.”

“రేపు?”

“రేపు... రేపటి సంగతి...”

“తనే అడగమంది.”

“రేపు చూద్దాం. వినపడుతోందా తల్లీ? ఏదో ఒకటి చేస్తా. ముందు నువ్వు బయటికి రావే!”

“ఏడవకండి. మా అమ్మ కూడా ఇలాగే ఏడుస్తుంటుంది.”

“నీకూ అమ్మ ఉందా?”

“ఉంది. నేనూ చిన్నదాన్నే. చెప్పకుండా వచ్చేశాను.”

“అయితే పో! మీ అమ్మ దగ్గరికి పో. ఎవరాపారు నిన్ను?”





“అమ్మా.”

“వసపిట్టా! నువ్వేనా? నువ్వేనా తల్లీ?”

“దాన్ని తిట్టకమ్మా. ఇంటికెళ్తానని రోజూ ఏడుస్తోంది. నేనే పోనివ్వట్లేదు.”