ఎర్రమచ్చ చుట్టూ గడులు

ముసురు పట్టిన మధ్యాహ్నం. కంప్యూటర్ తెర మీద సముద్రం అడుగు నీలంగా, మధ్యలో ఒక ఎర్రమచ్చతో కలలో లాగా కనిపిస్తోంది. ఆవిడ కాఫీ తెచ్చి భర్త పక్కన కూర్చుంది.

“ఈ ఎర్రదేనా మీ చమురు?”

“అలాగే ఉంది. ఓడ మీంచి నీళ్ళలోకి కరెంటు వదిలితే, చమురున్న చోట సరిగ్గా పారదు. ఆ లెక్క కట్టడానికే సముద్రాన్ని గడులుగా కోశాను.”

“నేను కూరముక్కలైనా ఇంతకంటే చిన్నగా తరుగుతాను.”

“అన్నీ చిన్నవైతే లెక్క తేలేసరికి వారం పడుతుంది. బావి తవ్వాలో వద్దో సాయంత్రానికే చెప్పాలి.”

“చిన్నవి చేసినా మచ్చ ఉంటుందా?”

ఆయన కప్పు పక్కన పెట్టాడు.

“నిజం చమురైతే ఉంటుంది. పెద్ద గడుల వల్ల లెక్కలో పుట్టిన పొరపాటైతే కరిగిపోతుంది.”

“అయితే తీరిక లేక కాదు, ధైర్యం చాలక ఆగారన్నమాట.”

“ఇన్నేళ్ళకి నాకు దొరికిన మొదటి మచ్చ ఇది. దీని చుట్టూ మాత్రం చిన్నవి చేస్తే సాయంత్రంలోపే తేలిపోతుంది. ఆ సంగతి పొద్దుటి నుంచీ తెలుసు నాకు.”

“మరి చెయ్యండి. నేనిక్కడే ఉంటాగా.”

ఆయన మచ్చ చుట్టూ గడులు చిన్నవి చేసి లెక్క మళ్ళీ మొదలుపెట్టాక, వాన చప్పుడు వింటూ ఇద్దరూ కూర్చున్నారు. లైట్లు వేసే వేళకు ఎరుపు పలచబడి, గులాబీరంగుకు దిగి, మెల్లగా నీలంలో కలిసిపోయింది.

“పోయింది,” అన్నాడాయన ఫోను అందుకుంటూ. “తవ్వొద్దని చెప్పాలి.”

“చెప్పండి. పాపం, హాయిగా నిద్రపోతున్న సముద్రాన్ని ఊరికే పొడిచి లేపేవాళ్ళం.”