జావలో ఉప్పు

అబ్బబ్బ, ఆ గిన్నెలు తర్వాత తోముదువుగానిలే, ఇటు రా కిర్స్టీ! తలుపు వెయ్యి. పొద్దుట్నించీ మూతి ముడుచుకునే ఉన్నావు. అత్తనయ్యుండి కోడల్ని ఒక మాట అనకూడదా ఏం?

అన్నానులే. గొర్రెల ఉన్ని కత్తిరించడానికొచ్చిన జనం అందరి ముందూ అన్నాను. "నే చూడకుండా మా కోడలు ఇంకో గుప్పెడు ఉప్పు పడేసింది" అన్నాను. మరేం చెయ్యను? ఆ మర్డో ముసలాడు ఓట్స్ జావ మొదటి చెంచాకే కళ్ళు తేలేశాడు. చెంచా ముంచుకోమని పెట్టిన మీగడ, గిన్నెతో ఎత్తి గడగడా తాగేశాడు! మిగతావాళ్ళు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే గోడకేసి చూస్తూ మింగారు. తిట్టినా బాగుండేది.

నువ్వేమో తలొంచుకుని "అవును, నేనే వేశాను" అన్నావు. ఎందుకన్నావే? నువ్వసలు పొయ్యి దగ్గరికే రాలేదు. జావ కలిపే కర్ర నీ చేతికిచ్చానా ఎన్నడైనా? కుడివైపే తిప్పాలి, ఎడమకి తిప్పితే సైతానొచ్చి కూర్చుంటాడని నీ చెయ్యి పక్కకి నెట్టేదాన్ని. ఉప్పు ఎంతెయ్యాలని అడిగితే, "కొలతేమిటే, నాలుక లేదూ?" అని వెక్కిరించేదాన్ని.

నవ్వకు... నవ్వట్లేదా? సరే.

ఆ నాలుకే పోయిందే నాకు. చలికాలంలో జ్వరమొచ్చింది చూడూ, అది పోతూ పోతూ రుచి పట్టుకుపోయింది. పొగబెట్టిన చేప తిన్నా, టీ తాగినా, తడిగుడ్డ నమిలినట్టే ఉంటోంది. ఇన్నాళ్ళూ చేతి అలవాటుతో నెట్టుకొచ్చాను. ఇవాళ పెద్ద గిన్నె కదా, చెయ్యి తప్పింది. వేస్తాను, చూస్తాను, చప్పగా ఉంటుంది. మళ్ళీ వేస్తాను.

సిగ్గుతో చచ్చిపోతున్నానే. రుచి పోయినందుక్కాదు, నీ మీదికి తోసినందుకు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారే, అక్షరాలా అదే చేశాను. చేసేటప్పుడు నా గొంతు వణకనైనా లేదు.

ఇదిగో, కర్ర తీసుకో. రేపు మిగిలిన గొర్రెలకి మళ్ళీ అందరూ వస్తారుగా, ఉప్పు నువ్వే వెయ్యి. ఓట్స్ పలుకు మెత్తబడ్డాకే వెయ్యాలి, ముందు కాదు. మర్డోకి నిజం చెప్తాను. ఆఁ, చెప్తానులేవే, ఎప్పుడో ఒకప్పుడు.

ఒక్కటి మాత్రం చెయ్యి తల్లీ. ఉప్పేశాక, అందరూ వింటుండగా, "అత్తయ్యా, సరిపోయిందేమో చూడండి" అని చెంచా నోటికందించు. నేను చప్పరించి, కాసేపు ఆలోచించి, సరిపోయిందంటాను.

ఆ అబద్ధం ఒక్కటీ ఉంచవే నాకు.