పలకకు పై అంచు ఏది

నా పేరు ఎనిడ్ ట్రెలోర్. వయస్సు డెబ్బయి నాలుగు. గణితశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో నివాసం. ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతాను. మేజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను.

గాయపడిన డారల్ పెంగెలీ గనిలో ఫిట్టరు. రబ్బరు పలకను రూపొందించిన టీగన్ రోసెవేర్ నా పూర్వ విద్యార్థిని. ఆమె మీద నాకు వాత్సల్యం ఉంది. దానిని దాచి సాక్ష్యం చెప్పడం ధర్మం కాదు కనుక ముందే మనవి చేస్తున్నాను.

ఖనిజపు రాళ్లు జారే ఇనుప తూము అరిగిపోకుండా లోపలి గోడకు మందపాటి రబ్బరు పలకలు వేలాడదీస్తారు. ఆ రబ్బరులో గుండ్రని పింగాణీ బిళ్లలు పొదిగి ఉంటాయి. రాతి దెబ్బను బిళ్ల కాస్తుంది, బిళ్లను రబ్బరు పట్టి ఉంచుతుంది. మార్చి ఆరవ తేదీ ఉదయం డారల్ తూములోకి దిగి, ఫిబ్రవరిలో తాను బిగించిన ఒక పలకను పరీక్షిస్తుండగా, అది నడిమికి చిరిగి కింది సగం అతని కుడి మోకాలి మీద పడింది. ఇక నిచ్చెన ఎక్కలేడని వైద్యులు చెప్పారు.

పలకను అడ్డంగా తిప్పి బిగించాడు గనుక తప్పు అతనిదేనని, పరిహారం ఇవ్వనక్కరలేదని, పలకను తయారుచేసిన, టీగన్ పనిచేసే కంపెనీ వాదన. ఆ మాటను గణితంతో రుజువు చేయమని ఆ కంపెనీ మేనేజరు రెక్స్ విక్కరీ నన్ను కోరారు.

పలక కోసం టీగన్ వేసిన లెక్కను మొదటి నుంచి తిరిగి చేశాను. ఒంటరి బిళ్ల లెక్క సులభం. రెండు బిళ్లలు దగ్గరైతే, ఒకదాని వల్ల రబ్బరులో పుట్టిన ఒత్తిడి రెండవదానిని తాకి, మారి, మొదటిదాని వద్దకే తిరిగి వస్తుంది. ఎదురెదురు అద్దాలలో దీపంలాగా. ఆ రాకపోకలు క్షీణించి లెక్కలోకి రానంత చిన్నవి అయ్యేదాకా కూడుతూ పోవాలి. టీగన్ అలాగే కూడింది. దోషం లేదు. ఆ పలకలో బిళ్లలు జంటలుగా ఉన్నాయి. జంట పక్కపక్కన ఉండి, బరువు కిందికి లాగితే క్షేమం. ఒకదాని కింద ఒకటి ఉంటే ప్రమాదం. బిళ్ల సాగదు కాబట్టి, నడుమనున్న వేలెడు రబ్బరే బిళ్లల వంతు సాగుడు కూడా సాగాలి. చిరిగింది అక్కడే. సరిగ్గా అక్కడే.

తరువాత టీగన్ గీసిన పలక బొమ్మను తీసుకుని ఆసుపత్రికి వెళ్లి డారల్‌ను కలిశాను.

"బొమ్మలో ఎట్టుందో అట్టనే తగిలించా టీచరమ్మా. పైనున్నది పైనే పెట్టా" అన్నాడు.

బరువు లాగే దిక్కును చూపే బాణాలు కుడి ఎడమలకు ఉన్నాయి కదా, చూడలేదా అని అడిగాను.

"చూశా. వెడల్పు చూపించడానికేమో అనుకున్నా. మా గనిలో బరువు కిందికే పడుద్ది. మీ లెక్కలోళ్ల ఊళ్లో పక్కకి పడుద్దేమో" అని నవ్వబోయి మోకాలు పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆ బొమ్మను గోడకు ఆనించి చూశాను. మా విద్యలో లాగే బలాన్ని కాగితం మీద అడ్డంగా గీయడం ఆచారం. నా గురువులు అలాగే గీశారు. నేనూ అలాగే నేర్పాను. చదివేవారు మనసులోనే కాగితం తిప్పుకుంటారు. టీగన్ ఆ ఆచారం ప్రకారమే బాణాలను అడ్డంగా, జంట బిళ్లలను ఒకదాని కింద ఒకటిగా గీసి, అదే బొమ్మను గనికి పంపింది. పై అంచు ఏదో రాయలేదు.

ఈ సంగతి విక్కరీ గారికి తెలిపాను. "బొమ్మ గురించి మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదండీ. అడ్డంగా ఉందని ఒక్క ముక్క చెప్పండి చాలు. మీ శిష్యురాలి ఉద్యోగమూ నిలబడుతుంది" అన్నారు.

ఆ సాయంత్రం టీగన్ మా ఇంటికి వచ్చింది. ఇచ్చిన టీ తాగలేదు. కప్పును పావు చుట్టు తిప్పింది. మళ్లీ పావు చుట్టు తిప్పింది.

"గీసింది నేనే మేడమ్. ఆయనకి మోకాలు పోయింది, ఇప్పుడు పేరు కూడా పోవాలా? చెప్పేయండి" అంది.

కనుక నేను చెప్పేది ఇది. పలక అడ్డంగానే ఉంది. డారల్ దానిని బొమ్మలో ఉన్నట్టే బిగించాడు. లెక్క సరైనదే. బొమ్మ మాత్రం ఆ లెక్క తెలిసినవారికే అర్థమయ్యేలా ఉంది. ఈ దోషం డారల్ పెంగెలీది కాదు.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. నేను పలికినదే ఇందులో ఉంది, ఎవరి బలవంతమూ లేదు, అంతా సత్యం. కోర్టువారి కోరికపై పలక బొమ్మను నా చేత్తో గీసి జతపరిచాను. దాని పై అంచున "పైన" అని రాశాను.

(సంతకం) ఎనిడ్ ట్రెలోర్