ఎడమ బుగ్గ మీద మచ్చ

పిల్లని మార్చేశానంటాడేంటండీ డాక్టరమ్మగారూ! వార్డు తుడుచుకునే ఈ ఆనందమ్మకి అన్ని తెలివితేటలెక్కడివండి? ఆ పోలీసాయన ఊరికే గుడ్లురుముతున్నాడు. నాకు ఆయన అరబీ అందదు. ముందు మీరు తెలుగులో ఆలకించండి, తర్వాత ఆయనకి చెబుదురుగాని.

ఆయ్, అదే పిల్లండి. పోయిన వారం ఎవరో తల్లి నా చేతుల్లో పెట్టి, "మీరే చూసుకోండి" అని కళ్ళు తుడుచుకుంటూ ఎల్లిపోయింది గదా, ఆ పిల్లే. కేసు రాశారు, ఫొటో తీశారు, సర్కారోళ్ళు పేరు కూడా పెట్టారు. ఇవాళ పిల్లల హోముకి పంపాలి. తీరా చూస్తే కాగితంలో ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది, పిల్ల బుగ్గ మీద లేదు!

అది పుట్టుమచ్చ కాదండీ బాబూ, దిష్టిచుక్క! నేనే పెట్టాను, కాటుకతో. అంత ముద్దొస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటానండి? నవ్వకండి. మా పాస్టరుగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!

ఏంటీ, మిగతా పిల్లల బుగ్గలు కూడా చూస్తున్నారా? అయ్యబాబోయ్, ఆపండమ్మా! ఇద్దరికి మచ్చ దొరికిందా? ఆళ్ళకీ నేనే పెట్టానండి! అందులో ఒకడు ఆ ఫిలిప్పీన్ అమ్మాయి కొడుకు. కాగితంలో మచ్చ ఉందని మగపిల్లాణ్ణి హోముకి పంపేస్తారా ఏంటి?

ఏమంటున్నాడు? పిల్ల అదేనో కాదో తేల్చడానికి మళ్ళీ రక్తపరీక్షా? నాల్రోజులు ఆగాలా?

...వద్దండి. ఆపించండి.

మొన్న మిమ్మల్ని అడిగాను గదా, ఈ పిల్లని నేను పెంచుకోవచ్చా అని. ఇక్కడోళ్ళకే ఇస్తారన్నారు. నిజమే లెండి, నా ఇఖామా, అదే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, నేల తుడవడానికి, పిల్లల్ని పెంచడానికా? నవ్వేసి ఊరుకున్నాను. లోపల మాత్రం ఊరుకోలేదండి.

ఫొటో తీసేటప్పుడు పిల్ల నా చేతుల్లోనే ఉంది. ఈ పోలీసాయన చుక్కని చూసి మచ్చని రాసుకుంటుంటే, కాదని చెప్పకుండా పిల్లని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను. పొద్దున స్నానంలో పోయిందనుకుంటున్నారా? రోజూ స్నానం కాగానే మళ్ళీ పెట్టేదాన్ని, ఇవాళ మాత్రం నూనె గుడ్డ పెట్టి నేనే రుద్దేశాను. మచ్చ కలవకపోతే ఇంకో నాల్రోజులు నా దగ్గరుంటుంది గదా అని.

ఇప్పుడేమో హోము నుంచి వచ్చిన ఆ ఆస్మా మేడం చెప్పారని మీరంటున్నారు, ఈ ఊళ్ళోనే మిష్రిఫ్‌లో పిల్లల్లేని దంపతులు ఎప్పటినించో కనిపెట్టుకుని ఉన్నారంట. ఉయ్యాల కొన్నారంట, గది సర్దారంట. పాపం, ఆళ్ళకి నేను అడ్డం కూర్చున్నానండి.

ఇక చెప్పేయండమ్మా. చుక్క పెట్టింది ఆనందమ్మే అనండి, తిడితే పడతాను. పిల్లని ఆ మేడం చేతుల్లో నేనే పెడతాను, ఏడవను లెండి. కాకపోతే ఆ గుడ్డ పెట్టి రుద్దిన సంగతి మాత్రం... మన తెలుగులోనే ఉండనివ్వండి.