మైనస్ నలభై

“ఆ ట్యాంకు పేలుతుందేమో తమ్ముడూ, కింద దూరకు. ముందు వాణ్ణి బస్సు దిగమను.”

బడి బస్సులు నిలిపే షెడ్డు, మధ్యాహ్నం. బస్సు కింద మెకానిక్, డ్రైవరు సీట్లో మా అబ్బాయి, బస్సు పక్కన నేను.

“పేలడానికి ఇది డీజిలు ట్యాంకు కాదక్కా. యూరియా నీళ్ల ట్యాంకు. పొగ శుభ్రం కావడానికి పోస్తాం. నిప్పు పెట్టినా అంటుకోదు.”

“నిప్పు మాట ఎత్తకు తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా.”

“అమ్మా, నువ్వు ఇంటికెళ్లు. మామ చూసుకుంటాడు.”

“ఎలా వెళ్తానురా? మొన్నటి నుంచి ఎర్రదీపం వెలుగుతోందట, ఇవాళ పొద్దున పిల్లలతో బస్సు నత్తనడక నడిచిందట. మీ యజమాని మన గుమ్మంలోకొచ్చి, నీ కొడుకు ట్యాంకులో కుళాయి నీళ్లు పోశాడు, అదే తేలితే రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పి పోయాడు. అప్పట్నుంచి నా గుండె దడ తగ్గలేదు. నీ ఉద్యోగం పోతే నేను బతకను నాన్నా, ముందే చెప్తున్నా.”

“నీళ్లు పోయలేదన్నాను కదమ్మా.”

“పోయలేదనే నేనూ అంటున్నా. పోసి మర్చిపోయావేమోనని.”

“అక్కా, కాస్త ఊపిరి తీసుకో. అల్లుడూ, తాళం తిప్పి, నేను తగిలించిన స్కానర్లో ఏం చూపిస్తోందో చదువు.”

“మైనస్ నలభై, మామా.”

“ఏమిట్రా అవి, మార్కులా?”

“ట్యాంకులో ఎంత చల్లగా ఉందో చెప్పే అంకె అక్కా. ఆ లెక్కన నీళ్లు గడ్డకట్టి రాయైపోయి ఉండాలి.”

“ఇంత ఎండలోనా? నా చీర చూడు, చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.”

“అందుకే అది అబద్ధం. ట్యాంకులో వేడి కొలిచే సెన్సారు ఒకటుంటుంది. దాని దగ్గర్నుంచి కబురు రాకపోతే బస్సులోని కంప్యూటరు మైనస్ నలభై అనేసుకుంటుంది. గడ్డకట్టిందని యూరియా వాడటం ఆపేస్తుంది. పొగ పాడవుతోందని ఆనక వేగమూ తగ్గించేస్తుంది.”

“అచ్చం మా అమ్మే మామా. నేను ఫోను ఎత్తకపోతే ఏ ఆసుపత్రిలో ఉన్నానా అని వెతుకుతుంది.”

“నవ్వరా, నవ్వు. ఆ కంప్యూటరుకి పిల్లలు లేరు కాబట్టి మైనస్ నలభై దగ్గర ఆగింది.”

“సరే, ముందు నీళ్ల సంగతి తేలుద్దాం. ట్యాంకులోంచి ఒక్క చుక్క తీసి ఈ అద్దం మీద వేసి, వెలుగుకి పెట్టి చూస్తే కల్తీ ఉందో లేదో గీత చెప్పేస్తుంది. ఇదిగో, నువ్వే చూడక్కా.”

“నేను చూడను తమ్ముడూ. నేను చూస్తే ఉన్న గీత కూడా జారిపోతుంది. నువ్వే చెప్పు, మెల్లగా చెప్పు.”

“గీత ఉండాల్సిన చోటే ఉంది. నీళ్లు కలవలేదు.”

“ఇంకోసారి చూడు.”

“రెండుసార్లు చూశానక్కా.”

“అయితే వీడి తప్పు లేదు. విన్నావా నాన్నా, నీ తప్పు లేదట. మరి మొహం అలా పెట్టావేం?”

“ఎండ, అమ్మా.”

“ఇక సెన్సారు. ఊడదీశాను. వేడినీళ్లు కావాలి, ఎక్కడైనా దొరుకుతాయా?”

“నా ఫ్లాస్కులో ఉన్నాయి తమ్ముడూ. ఎవరికైనా కళ్లు తిరుగుతాయేమోనని తెచ్చా.”

“మంచి పని చేశావక్కా. దీన్ని వేడినీళ్లలో ముంచి మీటరు పెడతా. బాగున్న సెన్సారైతే వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డు తగ్గి మీటర్లో అంకె దిగాలి. దిగుతోంది. ఇంకా దిగుతోంది. సెన్సారు నిక్షేపంలా ఉంది.”

“అది పోయిందనే చెప్దాం మామా. యజమాని కొత్తది తెప్పిస్తాడు. వచ్చేసరికి వారం పట్టినా పట్టనీ.”

“బాగున్నదాన్ని పోయిందని ఎందుకంటాను అల్లుడూ? తేడా వైరులో ఉంది. దాని ప్లగ్గు లోపల చూడాలి. దిగి వచ్చి టార్చి పట్టు. ఇటు కాదు. ఇటు.”

“ఏముంది తమ్ముడూ ప్లగ్గులో? కాలిపోయిందా?”

“కాలిపోలేదక్కా. పిన్ను ఒకటి వెనక్కి జరిగింది. నాలుగింట్లో అదొక్కటే. బయటికి ప్లగ్గు పెట్టినట్టే ఉంటుంది, లోపల తగలదు. అందుకే కబురు అందడం లేదు.”

“కుదుపులకి జరిగుంటుంది మామా.”

“ఆఁ... కుదుపులకే అక్కా.”

“ఆగి చెప్పావు.”

“గొంతులో దుమ్ము.”

“దుమ్ము కాదు. మా ఆయన సంగతి కూడా ఆసుపత్రిలో ఇలాగే ఆగి చెప్పారు. ఏమిటది తమ్ముడూ?”

“పిన్నుకి గడియలాంటి చిన్న నాలుక ఉంటుంది. దాన్ని సూదితో లేపితేగానీ పిన్ను వెనక్కి రాదు. లేపినచోట గీసుకుపోయింది. ఎవరో పని తెలిసినవాళ్లే.”

“ఎవరు? ఆ రెండో బస్సు డ్రైవరేనా? వాడి చూపే నాకు నచ్చలేదు. రేపు బ్రేకులు పీకితే? నువ్వు ఇంక ఈ షెడ్డులో మంచినీళ్లు కూడా తాగకురా.”

“అక్కా, నేనెవర్నీ ఏమీ అడగను. పిన్ను లోపలికి నొక్కడం రెండు నిమిషాల పని. కుదుపులకి జారిందని యజమానికి నేనే చెప్తా. అల్లుడి ఉద్యోగానికి ఢోకా లేదు. రేపు పొద్దున్నే బండి రోడ్డెక్కుతుంది.”

“నీ కడుపు చల్లగా ఉండాలి తమ్ముడూ. నొక్కెయ్.”

“నొక్కొద్దు మామా.”

“అదేంట్రా?”

“నొక్కొద్దు.”

“అల్లుడూ, పోయిన నెల పాత బస్సుకి ఇలాంటి పిన్నే సూదితో ఎలా తీయాలో నీకొక్కడికే చూపించాను.”

“అంటే? ఏమంటున్నాడ్రా మీ మామ? నువ్వేనా? నీ బస్సుకి నువ్వేనా? ఎందుకు? యజమానితో మాటా మాటా వచ్చిందా? ఎవరైనా బెదిరించారా? నా దగ్గర ఏదైనా దాచావా?”

“అక్కా, వాణ్ణి చెప్పనీ.”

“చెప్పమనేగా అడుగుతున్నా. సరే, ఆగాను. చెప్పు నాన్నా.”

“ఈ టార్చి ఆర్పెయ్యనా మామా?”

“ఇంజను ఆపే ఉంది, ఇక్కడ చప్పుడు లేదు. వినపడలేదనకు. నేనేమీ అనను. ఏడవను. ఉద్యోగం పోతే బతకనన్నానే, అది ఊరికే అన్నా. నోటికి అలవాటు. బతుకుతాను. చెప్పరా.”

“సోమవారం బడి మలుపులో ఒక పిల్ల రోడ్డు దాటుతోందమ్మా. బస్సులో పిల్లలంతా అరిస్తే బ్రేకు వేశాను, నేను చూసి కాదు. ఎడమ కన్ను కనబడక రెండు నెలలైంది.”