ఊపిరి మరిచే బిడ్డ

హలో… ఆ, నేనే, ఈశ్వరప్పను… ఎవురు, మారప్పా? పెనుకొండ నుంచేనా?… కొంచెం గట్టిగా మాట్లాడబ్బీ… ఆ, ఇప్పుడు వినపడతాండాది. ట్రంకాల్ అనంగానే పరిగెత్తుకొస్తి.

ముందు ఇది చెప్పు. మీ అక్కకు జరం ఇడిసిందా?… ఇంకా లేదా… ఆడ డాక్టరేమంటాండాడు?… ఊఁ… లేచి తిరగనీకండి.

ఉండాది. బిడ్డ ఉండాది మారప్పా… లేదు, ఏడ్సలేదు. ఏడ్సే బలం యాడిది? ఏడో నెల్లోనే పుట్టిన బిడ్డ… ఈడ అద్దాల పెట్టెలో పెట్టినారు. లోపల బల్బు. ఆ కాకకే ఉండాది అది… నా చెయ్యంత. అంతే.

పెనుకొండ నుంచి రైల్లో వచ్చినంతసేపూ మాయమ్మ బిడ్డను రొమ్ముకేసుకోని చెంగు కప్పుకోని కూచుండె. హిందూపురంలో దిగేతలికి బిడ్డ నీలంగా అయిపోయింది. ఆసుపత్రిలో సిస్టరమ్మ చేతికిస్తే, చెవి పెట్టి విని, ఇంకా పానముందప్పా అనింది… అవును… తల్లి ఆడ, బిడ్డ ఈడ. నేనేం చేసేది చెప్పు.

పాలు తాగకపోవడం ఒక్కటే కాదబ్బీ… ఊపిరి మరిచిపోతాది… ఆ, ఊపిరే. నిద్రపోతా నిద్రపోతా అట్లే నిలిపేస్తాది… నాకూ తెలీదు, నెలలు నిండకుండా పుట్టినోళ్లకు అట్లే అవుతాదంట. నిలిస్తే అరికాలి మీద ఏలితో తట్టాల. తడితే ఉలిక్కిపడి మళ్లా పీల్చుకుంటాది.

నేనే… సిస్టరమ్మ ఒక్కతే, వార్డు నిండా జనం. ఈడ కూచో, బిడ్డ ఎదనే చూస్తాండు, ఆగితే తట్టు, అని స్టూలు ఏసి పోయింది. నా చెయ్యి చూసి, పట్టు నేసే చెయ్యి, గరుకు లేదు, నువ్వే తట్టు అనింది… నిన్న పొద్దు గూకినప్పట్నుంచి. రెప్ప వాలిస్తే భయం… ధర్మవరంలో మగ్గం అట్లే ఇడ్సిపెట్టొస్తి. ఎవురికి కావాల మగ్గం.

ఇప్పుడా?… మాయమ్మను కూచోబెట్టొచ్చినా. ఆమెకు చూపు ఆనదు కదా. అందుకే… బిరీన చెప్పు.

పాలా… మీ అక్క పిండి పంపినవి మీ నాయన తెచ్చినాడు. ముంత మూత తీస్తే విరిగిపోయినాయి మారప్పా. ఎండకు… గ్లూకోజు నీళ్లే, చుక్క చుక్క పోస్తాండారు… మీ అక్కతో అనద్దు ఆ మాట.

ఏమి?… పక్కనే ఉండాదా?… జరంతో ఎందుకు రానిస్తివి?… సరే, ఇయ్యి. ఫోను ఇయ్యి.

…

రంగనాయకీ… ఆ, నేనే… మాట్లాడు… అట్ల ఏడిస్తే నాకేం తెలుస్తాది.

ఉండాది. నీ తోడు, ఉండాది… నుదురు నీదే. అచ్చం నీదే… నా ఏలు పట్టుకునింది, పొద్దున. రవ్వంతసేపు.

విన్నావా… అవును, విరిగిపోయినాయి. నీ తప్పేముంది దాంట్లో… పంపు. మళ్లా పంపు. ముంతకు తడిగుడ్డ చుట్టి తెమ్మను మీ నాయనను.

రావద్దు… నిలబడలేవంట, రైలెట్ల ఎక్కుతావు… నువ్వు రావాలని నాకు లేదా? తోడెవురూ లేక ఎంత—… రావద్దు.

…

బతుకుతాదా అంటావా…

డాక్టరు నన్ను అవతలికి పిలిచి, ఆశ పెట్టుకోవద్దప్పా అన్నాడు… నీకు అబద్ధం చెప్పలేను… తెలీదు రంగనాయకీ. బతుకుతాదో లేదో తెలీదు. పోగు తెగితే ముడేస్తా. ఈడ ఊరికే చూస్తా కూచోవడమే.

…

ఏమి?… బిడ్డను తట్టేది ఎవురా?

…

ఆ, నేనే తట్టేది. మారప్పకు చెప్తిని కదా… ఇప్పుడు మాయమ్మ ఉండాది… అవును… అవును, సరిగా కనపడదు.

పెట్టేయమంటావా… నీతో ఇంకా ఏమీ మాట్లాడనే లేదు… అది కాదు, నువ్వెట్ల—… సరే… సరే. అరవద్దు, నీకు జరం.

పెట్టేస్తాండా… పోతాండా.